పసిబిడ్డకు వేసే కుట్టు: కొంత చరిత్ర

తాయిల్పట్టి చుట్టుపక్కల పల్లెల్లో, కరిసల్ నేల మీద ఎండ నిప్పులు చెరిగే వేళ, అరుగు మీద పాత చీరలు పరుచుకుని బొంత కుట్టే అవ్వలను మీరంతా చూసే ఉంటారు. అలాంటి ఒక అవ్వ, చాలా ఏళ్ల కిందట, నాలుగేళ్ల మనవణ్ణి చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. కోడలు అగ్గిపెట్టెల పనికి పోయిందట. పిల్లవాడికి మోకాళ్లు దాటే చొక్కా తొడిగారు. ఎండాకాలంలో కూడా ఆ చొక్కా తీయనివ్వడు.

వాడికి పుట్టుకతోనే మూత్రం పోసే రంధ్రం అంగం కొసన లేదు. అడుగు వైపు, సగం దూరంలో ఉంది. అంతకుముందే ఒకచోట ఆపరేషను అయింది. రంధ్రం నుంచి కొస దాకా కొత్త దారి వేశారు. లోపల పెట్టిన ట్యూబు తీసిన రోజున ఇంట్లో అందరూ సంతోషించారు. నాలుగు రోజులకే కొస నుంచి ఒక ధార, కుట్ల నడుమ నుంచి ఇంకో సన్నని ధార మొదలైంది. పిల్లవాడు మళ్లీ ఆడపిల్లలా కూర్చునే మూత్రం పోస్తున్నాడు.

అవ్వ నన్ను అడిగింది: "దారం చెడ్డదా సామీ, కుట్టు చెడ్డదా, లేకుంటే కుట్టిన చెయ్యి చెడ్డదా?"

జీవితమంతా సూది పట్టిన మనిషి అడిగిన ప్రశ్న అది. ఆ రోజు ఓపీలో జనం ఎక్కువ. నేనేదో ముక్తసరిగా చెప్పి పంపాను. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, నూటయాభై ఏళ్లకు పైగా శస్త్రవైద్యులు తమలో తాము వేసుకుంటున్న ప్రశ్న అదేనని. ఈనాటి ప్రసంగంలో దానికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు జబ్బు సంగతి. నిజానికి దీన్ని జబ్బు అనకూడదు, తయారీ మధ్యలో ఆగిన పని అనాలి. తల్లి కడుపులో ఎనిమిదో వారం మొదలుకొని సుమారు పదహారో వారం వరకు మగబిడ్డ మూత్రనాళం రూపు దిద్దుకుంటుంది. మొదట అది కింది వైపు తెరిచి ఉన్న కాలువ. దాని రెండు గట్లూ వెనుక నుంచి ముందుకు కలుసుకుంటూ వస్తాయి. ఆ కలయిక ఎక్కడ ఆగిపోతే అక్కడ రంధ్రం నిలిచిపోతుంది. వైద్యులు దీన్ని హైపోస్పేడియాస్ అంటారు. 'కింద చిరుగు' అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి వచ్చిన పేరు. సుమారు 250, 300 మంది మగబిడ్డల్లో ఒకరికి ఉంటుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. చాలామందిలో రంధ్రం కొసకు కాస్త కింద ఉంటుంది, అంతే. కొందరిలో మధ్యన, మరికొందరిలో వృషణాల తిత్తి దాకా వెనక్కి పోతుంది. అంగం కిందికి వంగి ఉండడం, ముందోలు పైన ముసుగులా ఉండి అడుగున లేకపోవడం కూడా దీనితో పాటు కనిపిస్తాయి. గ్రహణం నాడు తల్లి బయటికి రావడం వల్లనో, ఎవరి ఉసురు తగలడం వల్లనో వచ్చేది కాదు. కొంత వంశంలో ఉంటుంది, కొంత హార్మోన్ల తేడా. ఎంతోమంది బిడ్డల్లో కారణం ఫలానా అని వేలు పెట్టి చూపించలేం.

ఇక కుట్టు సంగతికి వద్దాం. క్రీస్తు తర్వాత మొదటి, రెండో శతాబ్దాల్లో హెలియోడోరస్, ఆంటిల్లస్ అనే గ్రీకు వైద్యులు ఈ లోపానికి వైద్యం చెప్పారు. కుట్టు లేదు, దారం లేదు. రంధ్రం ఎక్కడ ఉందో అక్కడి వరకు అంగం ముందు భాగాన్ని కోసేయడమే. రంధ్రం అప్పుడు కొసనే ఉంటుంది కదా! వినడానికి కటువుగా ఉంది గాని, కుట్టు నిలవని కాలంలో వారికి వేరే దారి తోచలేదు.

అదే పురాతన కాలంలో మన దేశంలో కుట్టు విద్య చాలా ముందుకు పోయింది. సుశ్రుత సంహిత నాలుగు రకాల కుట్లను పేర్లు పెట్టి చెప్పింది. వేల్లితకం అంటే తీగ చుట్టుకున్నట్టు ఒకే దారంతో సాగేది. గోఫణిక అంటే ఒడిసెల ఆకారంలో పడేది. తున్నసేవని అంటే చిరిగిన బట్టను రఫ్ చేసినట్టు వేసేది. ఋజుగ్రంథి అంటే దేనికది విడిగా ముడి వేసేది. సన్నని నూలు, జనపనార, అవిసెనార, నరం, వెంట్రుక, ఇలా దారాలు కూడా చెప్పింది. సూదులు ఎన్ని అంగుళాలు ఉండాలో, ఎక్కడ గుండ్రని సూది, ఎక్కడ మూడంచుల సూది, ఎక్కడ విల్లులా వంగిన సూది వాడాలో వివరించింది. అన్నిటికంటే నాకు నచ్చేది మరొకటి. కుట్టు మరీ దూరంగా పడకూడదు, మరీ దగ్గరగానూ పడకూడదు అని ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. బొంత కుట్టే అవ్వకు ఇది చెబితే, ఇందులో కొత్తేముంది అంటుంది. ఆ గ్రంథకర్త ఈ మూత్రనాళపు లోపాన్ని కుట్టాడని నేననడం లేదు. వరుస కుట్టా, విడి కుట్టా అన్న పోలిక ఎంత పాతదో చెప్పడానికే ఇంత దూరం వెళ్లాను.

బట్ట కుట్టడానికీ, మూత్రనాళం కుట్టడానికీ తేడా ఎక్కడ ఉందంటే, మూత్రనాళపు కుట్టు మీదుగా రోజూ మూత్రం పోతుంది. మన పెద్దలు కపిల బావుల్లో నీళ్లు తోడిన తోలుతొండం గుర్తు తెచ్చుకోండి. గోనెసంచి కుట్టినట్టు దాన్ని కుడితే నీళ్లు నిలవవు. మూత్రంతో తడిసే చోట దారం ఎంత ముఖ్యమో మొదట గట్టిగా తెలిసింది వేరే ఆపరేషనులో. అమెరికాలోని అలబామాలో మారియన్ సిమ్స్ అనే వైద్యుడు, కాన్పు కష్టమై మూత్రాశయానికీ యోనికీ నడుమ కన్నం పడిన స్త్రీలకు కుట్లు వేసేవాడు. పట్టుదారం వేసిన ప్రతిసారీ చీము పట్టి ఊడింది. 1849లో వెండితీగ వేశాడు, కన్నం మూసుకుంది. వైద్యచరిత్రలో దీన్ని పెద్ద విజయంగా రాశారు. కాని ఆ స్త్రీలు బానిసలు. అనార్కా, బెట్సీ, లూసీ అనేవి మనకు తెలిసిన మూడు పేర్లు. మత్తుమందు లేకుండా, కాదనే హక్కు లేకుండా వారు ఎన్నోసార్లు ఆ బల్ల ఎక్కారు. ఒక్క అనార్కాకే ముప్పై సార్లు. వెండితీగ కథ చెప్పేటప్పుడు వారి పేర్లు కూడా చెప్పడం న్యాయం.

మగబిడ్డల లోపానికి వస్తే, 1830ల్లో జర్మనీలో డీఫెన్‌బాఖ్ కొసన రంధ్రం పొడిచి, గొట్టం ఉంచి చూశాడు. దారి నిలవలేదు. అసలైన అడుగు వేసింది లైప్‌జిగ్‌లోని కార్ల్ తియర్ష్. 1869లో ఆయన రాసింది నిజానికి దీనికి తిరగబడిన లోపం గురించి, అంటే రంధ్రం పైవైపు ఉండే లోపం గురించి. అక్కడ ఆయన పట్టుకున్న సూత్రం చాలా చిన్నది. లోపలి గొట్టం కుట్టు ఒకచోట, పైన కప్పే చర్మం కుట్టు మరోచోట పడాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే, లోపల ఒక చుక్క కారినా తిన్నగా బయటికి దారి దొరుకుతుంది. తోలుతొండం కుట్టేవాడు అతుకు మీద అతుకు రానివ్వడు, అదే కిటుకు. పారిస్‌లో సిమోన్ డ్యుప్లే 1874లో ఈ మార్గాన్ని మన లోపానికి తెచ్చాడు. ముందు వంపు సరిచేయడం, నెలల తర్వాత గొట్టం చుట్టడం, ఇలా విడతల వారీగా. ఇప్పటికీ ఆయన పేరు ఈ ఆపరేషనును అంటిపెట్టుకుని ఉంది.

అప్పటి దారం ఏమిటి? పట్టు, లేదా క్యాట్‌గట్. పేరులో పిల్లి ఉన్నా అది పిల్లి పేగు కాదు, గొర్రె పేగు, పశువు పేగు. జోసెఫ్ లిస్టర్ 1860ల చివర దాన్ని కార్బాలిక్ యాసిడ్‌లో నానబెట్టి వాడాడు. ఒంట్లో కరిగిపోవడం దాని గుణం, ఎప్పుడు కరుగుతుందో గట్టిగా చెప్పలేకపోవడం దాని దోషం. ఒక బిడ్డలో గాయం అతుక్కోక ముందే పట్టు సడలుతుంది, ఇంకొకరిలో చుట్టూ వాపు తెస్తుంది. క్రోమియం లవణాలతో పదును పెట్టాక కొన్ని రోజులు ఎక్కువ నిలిచింది. పట్టుదారం సంగతి వేరు. అది కరగదు. మూత్రం తగిలే చోట మిగిలిపోతే దాని చుట్టూ ఉప్పు పేరుకుని రాయి కడుతుంది. పిచ్చి ఆవు జబ్బు భయంతో 2001 నుంచి ఐరోపా దేశాలు పేగుదారం వాడకం మానేశాయి.

ఈ దారాల బాధ చూసి విసిగిన వాళ్లలో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి శస్త్రవైద్యుడు డెనిస్ బ్రౌన్ ఒకరు. ఆస్ట్రేలియాలో పుట్టిన మనిషి. 1949లో ఆయన చేసిన పని చూడండి. అసలు గొట్టమే కుట్టవద్దు అన్నాడు. మూత్రరంధ్రం నుంచి కొస దాకా ఒక చర్మపు పట్టీని మాత్రం విడదీసి, దాని మీద పక్క చర్మాన్ని కప్పి మూసేయండి, ఆ పట్టీ అంచుల నుంచి చర్మం తానే పెరిగి గొట్టం అవుతుంది అన్నాడు. పైన చర్మం కుట్టులో బిగువు పడి చిరగకుండా, దారానికి గాజుపూసలు గుచ్చి, అల్యూమినియం తునకలు నొక్కి బిగించాడు. గాజుపూసలు, అల్యూమినియం తునకలు పసివాడి ఒంటిమీద! కొన్నేళ్లపాటు ఎన్నో దేశాల్లో ఈ పద్ధతే నడిచింది. కన్నాలు మాత్రం పడుతూనే వచ్చాయి. అయినా ఆయన ఆలోచనలోని సగం తర్వాతి కాలానికి విత్తనమైంది.

మన దేశం వాటా కూడా చెప్పుకోవాలి. 1971లో ఆగ్రా వైద్యుడు హరిశంకర్ అసోపా, ముందోలు లోపలి పొరనే గొట్టంగా చుట్టి, ఒకే ఆపరేషనులో దారి పూర్తిచేసే పద్ధతి ప్రకటించారు. బిడ్డను మళ్లీ మళ్లీ ఆసుపత్రికి మోసుకుపోలేని తల్లిదండ్రులకు ఒకే విడత అన్నమాట ఎంత బరువు దించుతుందో మనకు తెలుసు. 1980లో అమెరికాలో జాన్ డకెట్ దాదాపు అదే దారిలో మరో రూపం తెచ్చారు. ఇక్కడ శ్రోతలకు ఒక్క మాట. ఈ లోపం ఉన్న బిడ్డకు సున్తీ చేయించకండి. ఆ చర్మమే రేపు వైద్యుడికి పెట్టుబడి.

1994లో టెక్సాస్ వైద్యుడు వారెన్ స్నాడ్‌గ్రాస్ ఉన్న పట్టీనే నిలువునా మధ్యలో ఒక గాటు పెట్టి, వెడల్పు చేసి, గొట్టంగా చుట్టాడు. గాటు పడిన చోట కొత్త పొర తానే పెరుగుతుంది. బ్రౌన్ చెప్పిన మాట ఇక్కడ తిరిగి వచ్చిందని నాకనిపిస్తుంది. అంచులు లాగి పట్టకుండానే కలుస్తాయి కాబట్టి కుట్టు మీద బిగువు తగ్గింది. రంధ్రం కొసకు దగ్గరగా ఉన్న బిడ్డలకు ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువగా చేసేది ఇదే.

దారమూ ఈలోగా మారింది. 1970 ప్రాంతంలో పాలీగ్లైకాలిక్ యాసిడ్ దారం, 1974లో పాలీగ్లాక్టిన్, 1980ల మొదట్లో పీడీఎస్ అనే ఒంటిపోగు దారం వచ్చాయి. ఇవి ఫ్యాక్టరీలో తయారైనవి, ఎన్ని రోజుల్లో సడలుతాయో ముందే తెలుసు. పాలీగ్లాక్టిన్ మూడు వారాలకు సగం బలం కోల్పోయి, రెండు నెలలు దాటేసరికి కరిగిపోతుంది. పీడీఎస్ ఆరు నెలల దాకా ఉంటుంది. ఈ ఆపరేషనులో వాడే ఏడు సున్నాల దారం మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఇక్కడ సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కళ్లకు భూతద్దం లేకుండా దాన్ని ముడి వేయలేం.

సరే, ఇంత మంచి దారం చేతికొచ్చాక ఎలా కుట్టాలి? అవ్వ ప్రశ్నలో అసలు భాగం ఇదే.

విడి కుట్టు వేస్తే ఒకటి తెగినా పక్కది నిలుస్తుంది. అంచుకు రక్తం అందడానికి నడుమ సందు ఉంటుంది. కాని ఆ సందే నీరు కారే దారి కావచ్చు. పైగా ఒక్కో కుట్టుకు ఒక్కో ముడి. ప్రతి ముడీ ఒంట్లో ఒక చిన్న ముల్లు. వరుస కుట్టులో నీరు బాగా ఆగుతుంది, ముడులు రెండే. కాని లాగి బిగిస్తే అంచంతా పిండినట్టై రక్తం అందదు, నల్లబడుతుంది. దారం ఒకచోట తెగితే బొంత అంచు ఊడినట్టు మొత్తం సడలుతుంది.

అంతకంటే ముఖ్యమైనది సూది ఏ పొరలో నడవాలన్నది. సూది అంచు మందమంతా దాటి గొట్టం లోపలికి పోతే, ప్రతి పోటూ లోపలి పొరలో ఒక చిల్లు. ఆ చిల్లు వెంట లోపలి పొర కణాలు పాకి, దారం కరిగాక కూడా సన్నని సొరంగం మిగిలిపోతుంది. దాన్నే ఫిస్టులా అంటాం. అలాకాక, లోపలి పొరను ముట్టకుండా దాని కిందుగా సూది నడిపి, అంచులు గొట్టం లోపలి వైపుకే మడిగేట్టు కుడితే, పచ్చి కండ పచ్చి కండతో కలుస్తుంది. 1997లో టర్కీ వైద్యులు ఈ రెండింటినీ పోల్చి చూసి, లోపలి పొర కిందుగా సాగే కుట్టులో కన్నాలు తక్కువ పడ్డాయని రాశారు. అంతకు ఏడాది ముందు అమెరికా వైద్యులు దారాలను పోల్చి, ఎక్కువ కాలం ఉండే పీడీఎస్ వాడిన వాళ్లలో గొట్టం ఇరుకు పడడం ఎక్కువని గమనించారు. ఎక్కువ కాలం నిలిచే దారమే మంచిదని మనం అనుకుంటాం. ఇక్కడ పని అయిపోయాక మర్యాదగా వెళ్లిపోయేదే మంచిది.

విడి కుట్టా, వరుస కుట్టా అన్నదానికి మాత్రం తీర్పు ఒకటి కాలేదు. తర్వాత వచ్చిన పోలికల్లో ఒకచోట ఒకటి మెరుగు, ఇంకోచోట మరొకటి మెరుగు, కొన్నిచోట్ల తేడాయే లేదు. నా మట్టుకు నేను లోపలి పొర కిందుగా వరుస కుట్టు వేసి, దాని మీద అక్కడక్కడ విడి కుట్లతో రెండో వరుస వేసేవాణ్ణి. ఇదే సరైనదని వాదించను. అలవాటైన చెయ్యి అలా వెళ్లేది.

పోలికలు లెక్కగట్టిన వాళ్లలో చాలామంది ఒప్పుకునేది మరొకటి ఉంది. కుట్టుకూ పై చర్మానికీ నడుమ ఒక పొర కప్పాలి. 1973లో ఆస్ట్రేలియా వైద్యుడు డర్హమ్ స్మిత్ చర్మం ఒక రెక్క పైపొర గీకి, దాని మీద రెండో రెక్క వేశాడు, కోటు రెండు పొరలుగా మూసుకున్నట్టు. తర్వాతి వాళ్లు ముందోలు కింద ఉండే రక్తం నిండిన మెత్తని పొరను తెచ్చి కుట్టు మీద పరిచారు. తియర్ష్ 1869లో పట్టుకున్న సూత్రానికే ఇది కొనసాగింపు. ఏ కుట్టు వేసినా దాని మీద ఈ దుప్పటి లేకపోతే కన్నం భయం పోదు.

ఇక అవ్వ మూడో మాట, చెయ్యి. ఇక్కడ మన ప్రాంతం మనిషినే తలుచుకుంటాను. కోవిల్పట్టికి దగ్గరలో, ఎట్టయపురం పక్కన వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ జి. వెంకటస్వామి. యౌవనంలోనే కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర్లు పోయాయి. ఆ వేళ్లతోనే సూక్ష్మమైన కంటి శస్త్రచికిత్స నేర్చుకుని లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. 1992లో ఆ సంస్థ నుంచి వచ్చిన ఆరోల్యాబ్ ముందు కంటి కటకాలు, తర్వాత కంటికి వేసే సూదిదారాలు కూడా తయారుచేసింది. ఆయన 2006లో కన్నుమూశారు. భూతద్దం కింద వెంట్రుక కంటే సన్నని దారం ముడివేయడం లోకానికి నేర్పింది కంటి వైద్యులూ, రక్తనాళాలు అతికే వైద్యులూ. పసిపిల్లల మూత్రనాళం కుట్టేవాళ్లు ఆ విద్యను వారి నుంచే అందుకున్నారు. వంకర వేళ్లకు పట్టుబడిన విద్య తిన్నని వేళ్లకు పట్టుబడకపోతే అది సాధన లోపమే. గాయం మీద కట్టే గుడ్డ సంగతి చెప్పనే అక్కర్లేదు. రాజపాళయం పక్క ఛత్రపట్టి మగ్గాల మీద నేసిన బ్యాండేజి గుడ్డ ఎన్ని ఊళ్లకు పోతుందో మీకు తెలుసు.

అవ్వకు నేను రెండోసారి ఇచ్చిన జవాబు ఇది: "దారం మంచిదే అవ్వా. చెయ్యి సంగతి నేను చూడలేదు గనక అనను. కుట్టు మీద కుట్టు పడింది, నడుమ దుప్పటి లేదు." అవ్వ తలూపింది. బొంతలో కూడా అతుకు మీద అతుకు వేస్తే అక్కడే చిరుగుతుందట.

వెంటనే మళ్లీ కుట్టమని అడిగింది. కుదరదన్నాను. మొదటి గాయం మెత్తబడి, రక్తం నిండడానికి కనీసం ఆరు నెలలు ఆగాలి. తొందరపడితే కన్నం ఇంకా పెద్దదవుతుంది. అసలు ఈ ఆపరేషనుకు మంచి వయసు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు. బిడ్డకు జ్ఞాపకం ఉండదు, బడిలో సిగ్గుపడే బాధ తప్పుతుంది. పుట్టిన రోజున స్నానం పోసేటప్పుడే రంధ్రం ఎక్కడుందో, మూత్రం ధార ఎటు పోతోందో, వృషణాలు రెండూ కిందికి దిగాయో లేదో చూడండి. రెండు లోపాలూ కలిసి ఉంటే పరీక్షలు ఎక్కువ అవసరం, ఆలస్యం చేయకూడదు. వెనుకటిలా దీనికోసం మద్రాసు దాకా పోవలసిన రోజులు కావు ఇవి. మదురై వైద్యకళాశాల 1954 నుంచి ఉంది, విరుదునగర్‌లోనే ప్రభుత్వ వైద్యకళాశాల 2022లో మొదలైంది. పిల్లల శస్త్రవైద్యుడు ఏ రోజు చూస్తాడో అడిగి వెళ్లండి.

ఎనిమిది నెలల తర్వాత పిల్లవాడికి కన్నం మూశాం. చుట్టూ చర్మం గుండ్రంగా కోసి, లోపలి రంధ్రాన్ని లోపలికే మడిచి కుట్టి, పక్క నుంచి పొర తెచ్చి పరిచి, చర్మం కుట్టు పక్కకు పడేట్టు మూశాం. పదో రోజు ట్యూబు తీశాం. అవ్వ వాణ్ణి ఆసుపత్రి వెనుక వేపచెట్టు దగ్గరికి తీసుకుపోయింది. వాడు చొక్కా పైకెత్తి పళ్ల నడుమ పట్టుకుని, నిలబడి పోశాడు. ధార ఒకటే వచ్చింది.